మంథని ఎమ్మెల్యే ముచ్చట

ప్రియమైన దోస్తూ,

ఎలా ఉన్నావు? పిల్లలు బాగున్నారా? అమ్మ నిన్ను రోజూ తలుచుకుంటోంది. ఈ ఎండాకాలం సెలవులకైనా హనుమకొండ వస్తావేమోనని ఆమె ఆశ.

మొన్న ఫోన్‌లో "పీవీ ఢిల్లీ మనిషి, మన దగ్గర ఆయన చేసిందేముంది?" అన్నావు. నాకు చాలా బాధేసింది. ఫోన్‌లో తెగే ముచ్చట కాదని ఉత్తరం రాస్తున్నాను.

లక్నేపల్లిలో పుట్టి వంగరలో పెరిగిన ఆ మనిషి ప్రధానిగా ఉన్నది అయిదేళ్లే. మంథని ఎమ్మెల్యేగా మాత్రం 1957 నుంచి 1977 దాకా, వరుసగా నాలుగు సార్లు గెలిచి, ఇరవై ఏళ్లున్నారు. అంతకుముందు 1952లో లోక్‌సభకు నిలబడి బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడిపోయారు. 1962 నుంచి మంత్రిగా న్యాయం, దేవాదాయం, ఆరోగ్యం, విద్య చూశారు. 1991 ఆర్థిక సంస్కరణల గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్లు ఈ ఇరవై ఏళ్లను ఒక్క ముక్కలో దాటేస్తారు. నాకైతే అసలు పీవీ అక్కడే కనిపిస్తారు.

భూమి సంగతే చూడు. 1971 సెప్టెంబరు 30న ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో వెనుకబడిన కులాల వాళ్లకు, కొత్తవాళ్లకు బాగా టికెట్లు ఇప్పించారు. ఆ తర్వాత సీలింగ్ మీద, అంటే ఒక కుటుంబానికి ఇంతకు మించి భూమి ఉండకూడదన్న పరిమితి మీద పడ్డారు. చట్టం వచ్చేలోపు దొరలు భూములను బంధువుల పేరు మీదికి మార్చేస్తారని ఆయనకు తెలుసు. తానూ ఆ ఇళ్లలోంచి వచ్చినవాడే కదా! అందుకే 1972 మే నెలలోనే ఆర్డినెన్సు తెచ్చి బదలాయింపులు ఆపించారు. 1973 చట్టం ప్రకారం అయిదుగురున్న కుటుంబానికి, నేల రకాన్ని బట్టి, తరి (నీటి పారుదల ఉన్న భూమి) అయితే 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి (మెట్ట భూమి) అయితే 35 నుంచి 54 ఎకరాలు. సొంత భూమిలో కూడా చాలా భాగం ఆయన వదులుకున్నారు.

సొంత పార్టీలోని పెద్ద భూస్వాములకు ఇది మింగుడు పడలేదు. అంతలో 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు, అంటే తెలంగాణలో సర్కారు కొలువులు స్థానికులకేనన్న నియమాలు, చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పీవీ దాన్ని స్వాగతించారు. కోస్తాలో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలంటూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది, మంత్రులు రాజీనామాలు చేశారు, 1973 జనవరిలో ఆయన పదవి పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. తీర్పు ఒక్కటే కారణమని నేననుకోను. సీలింగ్ మంట కూడా ఆ ఉద్యమానికి తోడైందని నా నమ్మకం. చట్టం అమల్లోకి వచ్చేసరికి 1975. అప్పటికి ఆయన కుర్చీలో లేరు. మిగులు భూమి కోర్టుల్లోనూ బినామీ పేర్లలోనూ ఇరుక్కుపోయింది. పేదలకు అందాల్సినంత అందలేదు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆయన పట్టించుకున్న ఇంకో విషయం చదువు. విద్యామంత్రిగా ఉన్నప్పుడే, 1968లో, తెలుగు అకాడమీ ఏర్పడింది. కాలేజీ పుస్తకాలు తెలుగులో రావడానికి అది దారి వేసింది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం తెరిచారు. ఊళ్లో చదువు దొరకని తెలివైన పిల్లలకు తిండి, పడక, పంతులు ఒకే చోట ఉండాలన్నది ఆయన ఆలోచన. మాజీ డీజీపీ మహేందర్ రెడ్డి అక్కడే చదివారు. తర్వాత కేంద్రంలో విద్యాశాఖ చూసినప్పుడు వచ్చిన నవోదయ బడులు కూడా ఈ ఆలోచన నుంచి పుట్టినవే.

ఇంత చేసినా మనవాళ్లు ఆయన్ను 1984లో హనుమకొండలో ఓడించారు. బీజేపీ అభ్యర్థి జంగారెడ్డి గెలిచారు. ఎన్టీఆర్ గాలి, ఆ ఎన్నికల వేడి, అవన్నీ నాకు తెలుసు. అయినా మన జిల్లాలో ఓడి మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి లోక్‌సభకు వెళ్లాల్సి రావడం నాకు మింగుడు పడదు. 2024లో భారతరత్న ఇచ్చినప్పుడు కూడా టీవీల్లో అంతా సంస్కరణల గురించే. సీలింగ్ పేరెత్తినవాళ్లు నాకైతే కనపడలేదు.

నువ్వు వచ్చినప్పుడు మంథని వెళ్దాం. పొద్దున్నే బయలుదేరితే గోదావరి ఒడ్డున కూర్చుని తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. అన్నట్టు, చెల్లెలి కూతురు ఐదో తరగతి గురుకులం ప్రవేశ పరీక్ష రాసింది. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. సీటు వస్తే వెంటనే ఫోన్ చేస్తాను.

నీ దోస్తు