పిస్టన్ కొనేటప్పుడు బోరు సైజు ఒక్కటీ చూస్తే చాలదు

సంపాదకులకు,

అయ్యా,

లారీ ఇంజన్ విప్పి ఫుల్ పని చేయించే యజమానుల్లో కొందరు ఇప్పుడు ‘లో కంప్రెషన్ పిస్టన్లు వేయండి, టర్బో పెద్దది పెడదాం, లాగుడు పెరగాలి’ అని అడుగుతున్నారు. లో కంప్రెషన్ పిస్టన్ అంటే గాలిని తక్కువ నొక్కేది, టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా నింపేది. అమెరికాలో డాడ్జ్ రామ్ పికప్పులు బరువు లాగే పోటీల వీడియోలు చూసి పుట్టిన కోరిక ఇది. ఆ బండ్లలో 1989 మోడల్ నుంచి వచ్చిన 5.9 లీటర్ల కమిన్స్ ఇంజన్, మన టాటా లారీల్లో ఉన్న 6బీటీ అనే ఆరు సిలిండర్ల కమిన్స్ ఇంజన్ ఒకే కుటుంబానివే. రెండింటికీ బోరు (సిలిండర్ వ్యాసం) 102 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 120. బ్లాకు ఒకటే అయినా పని ఒకటి కాదు. పోటీ బండి ఫుల్ లోడు మీద ఉండేది కొన్ని సెకన్లు. చీమకుర్తిలో గ్రానైట్ దిమ్మె ఎత్తుకుని ఓడరేవుకు పోయే లారీ, దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కే లారీ గంటల తరబడి అదే వేడి మోయాలి. దీనిమీద యజమానులకూ మెకానిక్ సోదరులకూ కొన్ని లెక్కలు చెప్పాలని ఈ ఉత్తరం.

మన దగ్గర పిస్టన్ అడిగితే కొట్లో వచ్చే మొదటి ప్రశ్న ‘స్టాండర్డా, ఇరవయ్యా, నలభయ్యా’ అని, అంటే బోరు మొదటి సైజులోనే ఉందా, ఎంత పెద్దది చేయించారు అని. బోరు సైజు చెప్పగానే డబ్బా చేతికొస్తుంది. అసలు సంగతి పిస్టన్ నెత్తిమీది గుంటలో ఉంది. 6బీటీలో ఒక్కో సిలిండర్ స్ట్రోకు ఘనపరిమాణం సుమారు 980 సీసీ. డాడ్జ్ రామ్‌లో వచ్చిన 12 వాల్వుల ఇంజన్‌కి కంపెనీ ఇచ్చిన కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ కింద ఉన్నప్పటి ఖాళీ, పైన ఉన్నప్పటి ఖాళీకి ఎన్ని రెట్లో ఆ అంకె) 17.5. అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక మిగిలే ఖాళీ 59.4 సీసీ మాత్రమే. నిష్పత్తి 16.5కి దించాలంటే ఆ ఖాళీ 63.3 కావాలి. ఒక పాయింటుకి తేడా నాలుగు సీసీ, చెంచాడు కూడా కాదు. గుంట లోతు, బ్లాకుకీ దాని మీద మూతలా ఉండే హెడ్డుకీ మధ్య గ్యాస్కెట్ మందం, పిస్టన్ బ్లాకు మీదికి పొడుచుకొచ్చే ఎత్తు, ఈ మూడింట్లో ఏది కాస్త అటూఇటూ అయినా ఆ నాలుగు సీసీ తెలియకుండానే పోతుంది. అర మిల్లీమీటరు బోరు కొట్టిస్తే మాత్రం నిష్పత్తి పెద్దగా మారదు. గుంట అదే ఉంటే 17.5 కాస్తా 17.7 దగ్గరికి వస్తుంది, అంతే.

నిష్పత్తి ఎందుకు తగ్గిస్తారు? సిలిండర్లో ఒత్తిడి తగ్గించి, టర్బో ఎక్కువ గాలి నింపినా హెడ్డు లేవకుండా, గ్యాస్కెట్ పోకుండా ఉండేందుకు. లెక్క వేసి చూస్తే ఎంత లాభమో తెలుస్తుంది. టర్బో ఒక బార్ ఇస్తే వాతావరణం ఒత్తిడితో కలిపి రెండు బార్. 17.5 నిష్పత్తిలో ఆ గాలిని నొక్కితే, మంట అంటుకోకముందే సుమారు 95 బార్ అవుతుంది. టర్బో రెండు బార్ ఇస్తే అదే 143 దాకా పోతుంది. ఇప్పుడు నిష్పత్తిని 15కి దించినా 116 దగ్గర ఆగుతుంది తప్ప 95కి రాదు. దాన్ని 95కి తేవాలంటే నిష్పత్తి 13 దాకా దిగాలి, అప్పుడు పొద్దున్నే బండి స్టార్ట్ కాదు. ఒక పాయింటు దించితే ఒత్తిడి తగ్గేది ఏడెనిమిది శాతం. పెద్ద టర్బో తెచ్చే భారాన్ని పిస్టన్ ఒక్కటే మోయలేదు. హెడ్డు బోల్టులు లేదా స్టడ్లు, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, పంపు టైమింగ్ (డీజిల్ ఎప్పుడు చల్లాలన్న సర్దుబాటు) అన్నీ కలిసి మోయాలి. టైమింగ్ ముందుకు జరిపితే ఒత్తిడి ఇంకా పైకి పోతుందన్నది మరిచిపోయే మెకానిక్కులు ఎక్కువ. నిష్పత్తి తగ్గించి సంపాదించింది అక్కడే పోతుంది.

నిష్పత్తి దించినందుకు ఇచ్చుకునేది కూడా ఉంది. డీజిల్‌ని అంటించేది నొక్కిన గాలి వేడే. 30 డిగ్రీల గాలి 17.5లో 550 డిగ్రీల దగ్గరికి వస్తే, 15లో 510 దగ్గర ఆగుతుంది. డిసెంబరులో ఆదిలాబాద్‌లోనో, లంబసింగి కొండమీదో తెల్లవారుజామున పది డిగ్రీల గాలి దొరికినప్పుడు, క్రాంక్ నెమ్మదిగా తిరుగుతూ రింగుల పక్కనుంచి గాలి కొంత జారిపోతున్నప్పుడు, ఈ 40 డిగ్రీల తేడాకే తెల్లపొగ, టపటప చప్పుడు, బ్యాటరీ దిగిపోవడం మొదలవుతాయి. టర్బో ఇంకా ఊపందుకోని తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు తగ్గుతుంది. లోడు లారీకి కావలసింది సరిగ్గా అక్కడే. డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది. అందుకే రోడ్డు లారీకి నా మాట ఇది: టర్బో ఒకటి, ఒకటింపావు బార్ దాటకపోతే కంపెనీ నిష్పత్తిని ముట్టుకోవద్దు. రెండు బార్ దగ్గరికి పోతే 16, 16.5 మధ్య ఉంచండి. 15, అంతకంటే కిందివి పోటీ బండ్ల సరుకు, వాటి జోలికి పోవద్దు.

ఇక గుంట ఆకారం. 12 వాల్వుల ఇంజన్‌లో డీజిల్ చల్లే నాజిల్ ఏటవాలుగా ఉంటుంది, పిస్టన్ గుంట మధ్య నుంచి ఒక పక్కకి జరిగి ఉంటుంది. 24 వాల్వుల ఇంజన్‌లో నాజిల్ నిటారుగా నడిమధ్యన ఉంటుంది, గుంట కూడా నడిమధ్యనే. బోరు సరిపోయిందని ఒకదాని పిస్టన్ మరొకదానికి వేస్తే డీజిల్ చల్లు గుంటలో పడాల్సింది పిస్టన్ అంచు మీదా సిలిండర్ గోడ మీదా పడుతుంది. గోడ మీది ఆయిల్ కడుక్కుపోయి రింగులు గీసుకుంటాయి, ఇంజన్ అడుగునున్న కార్టర్ ఆయిల్‌లో డీజిల్ కలుస్తుంది, గుంట అంచు ఒకచోటే కాలి పగులుతుంది. విప్పి చూసినప్పుడు ఒకే పక్క నల్లగా, పక్కనే తెల్లగా కడిగినట్టు కనబడితే అది నాజిల్‌కీ గుంటకీ పొత్తు కుదరలేదన్న సాక్ష్యం. నాజిల్ మార్చినా అంతే. రంధ్రాల సైజే కాదు, చల్లు కోణం కూడా గుంటకు తగ్గదై ఉండాలి.

లోహం విషయం. కంపెనీ పోత పిస్టన్‌లో సిలికాన్ ఎక్కువగా ఉన్న అల్యూమినియం వాడతారు, పై రింగు గాడిలో నికెల్ కలిపిన ఇనుప పట్టీ పోతలోనే కూర్చోబెడతారు. చాలా టర్బో ఇంజన్లలో నెత్తి లోపల ఆయిల్ తిరిగే సొరంగం కూడా ఉంటుంది. ఫోర్జ్డ్ పిస్టన్ (పోత పోయకుండా లోహాన్ని ఒత్తి చేసినది) గట్టిదే, కానీ చాలా వాటిలో ఆ పట్టీ ఉండదు, సొరంగమూ ఉండదు. లక్షల కిలోమీటర్లు తిరగాల్సిన లారీలో పట్టీ లేని గాడి త్వరగా వదులవుతుంది. సిలికాన్ తక్కువున్న ఫోర్జింగ్ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పిస్టన్‌కీ బోరు గోడకీ మధ్య గ్యాపు ఎక్కువ ఇవ్వాలి, చల్లగా ఉన్నప్పుడు గోడకు కొట్టుకుంటుంది. స్టీల్ పిస్టన్ ఒత్తిడినీ వేడినీ బాగా ఓర్చుకుంటుంది. దాని బరువు, ధర మాత్రం మామూలు లారీ యజమాని భరించేవి కావు. మంచి కంపెనీ పోత పిస్టన్, పట్టీ ఉన్నది, సొరంగం ఉన్నది, కంపెనీ చెప్పిన గ్యాపుతో వేస్తే రోడ్డు లారీకి అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఆరు పిస్టన్లనూ తూకం వేయించండి. వరుస ఆరు సిలిండర్ల ఇంజన్ తనంతట తానే బ్యాలన్స్ అయ్యేది అన్నీ ఒకే బరువున్నప్పుడే.

కొలతలకి పెద్ద మిషన్లు అక్కర్లేదు. పిస్టన్ని రింగులతో బోరులో దింపి, నెత్తి అంచు బ్లాకు పైతలానికి సరిగ్గా 5 మిల్లీమీటర్లు కిందికి వచ్చేలా డయల్ గేజ్‌తో నిలపండి. అంచు చుట్టూ గ్రీజు పూసి, చిన్న రంధ్రం ఉన్న మందపాటి యాక్రిలిక్ పలకని బ్లాకు మీద అంటించి, బ్యూరెట్‌తో కిరోసిన్ పోయండి. బుడగ లేకుండా నిండేదాకా ఎంత పట్టిందో రాసుకుని, 5 మిల్లీమీటర్ల ఖాళీ తాలూకు 40.9 సీసీ తీసేస్తే గుంట కొలత వస్తుంది. తర్వాత పిస్టన్ని పూర్తిగా పైకి తెచ్చి బ్లాకు మీదికి ఎంత పొడుచుకొచ్చిందో చూడండి. గేజ్ ముల్లు గజ్జన్ పిన్ (పిస్టన్ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్ను) వరసలోనే పెట్టాలి. అడ్డంగా పెడితే పిస్టన్ ఊగి తప్పు చూపిస్తుంది. ఉదాహరణకి గుంట 52 సీసీ, నొక్కాక గ్యాస్కెట్ ఖాళీ 10.2, వాల్వులు లోపలికి దిగిన ఖాళీ 2 అనుకుందాం. పిస్టన్ 0.6 మిల్లీమీటర్లు పొడుచుకొస్తే 4.9 తీసేయాలి. మిగిలేది 59.3, నిష్పత్తి 17.5. గ్యాస్కెట్ పావు మిల్లీమీటరు మందం పెరిగితే రెండు సీసీ పెరిగి నిష్పత్తి 17కి దిగుతుంది. గ్యాస్కెట్‌తో ఇలా సర్దడం సులువే, కానీ పిస్టన్ అంచుకీ హెడ్డుకీ మధ్య గాలి చిమ్మే సందు పెరిగి పొగ ఎక్కువవుతుంది. నిష్పత్తి దించాలంటే గుంటతోనే దించాలి.

ఇక్కడే చాలామంది పొరపడేది ఒకటుంది. హెడ్డు అడుగు గీయించి పాలిష్ పట్టిస్తే కంప్రెషన్ పెరుగుతుందని నమ్మకం. పెట్రోల్ ఇంజన్‌లో నిజమే. ఈ డీజిల్ హెడ్డు కింద చదునుగా ఉంటుంది, మంట గది పిస్టన్‌లో ఉంది. కాబట్టి హెడ్డు గీయించినా నిష్పత్తి దాదాపు అక్కడే ఉంటుంది. మారేది వాల్వుల లోతు, నాజిల్ మొన బయటికొచ్చే పొడవు. వాల్వు సీటు లోతు సరిచేయకపోతే వాల్వు పిస్టన్‌కి తగులుతుంది, నాజిల్ వాషర్ మందం మార్చకపోతే చల్లు గుంట అంచున పడుతుంది. బ్లాకు గీయిస్తే మాత్రం పిస్టన్ పొడుచుకొచ్చే ఎత్తు పెరిగి నిష్పత్తి మారుతుంది. అప్పుడు పిస్టన్‌కీ హెడ్డుకీ మధ్య సందు ఎంతో తెలియడానికి తప్పకుండా పిస్టన్ మీద సీసం తీగ పెట్టి హెడ్డు బిగించి, విప్పి, నలిగిన మందం కొలిచి చూడాలి.

6బీటీకి లైనర్ (విడిగా దింపే సిలిండర్ గొట్టం) ఉండదు, బోరు బ్లాకులోనే. అందుకే హోనింగ్‌కి (బోరు గోడని రాళ్లతో సానపట్టడానికి) ముందు హెడ్డు బదులు మందపాటి టార్క్ ప్లేటు బిగించాలి, లేకపోతే బోల్టులు బిగిసినప్పుడు గుండ్రంగా ఉన్న బోరు వంకరపోతుంది. పై రింగు గ్యాపు బోరులోనే కొలవాలి, మామూలు బండికి 0.40 నుంచి 0.70 మిల్లీమీటర్ల మధ్య. లాగుడు పెంచే ఇంజన్‌కి 0.70 దగ్గరే ఉంచండి. గ్యాపు చాలకపోతే వేడికి రింగు కొసలు ఒకదానికొకటి తగిలి పిస్టన్ని పట్టేస్తాయి. హోనింగ్ తర్వాత డీజిల్‌తో కడిగితే చాలదు. వేడినీళ్లు, సబ్బు, బ్రష్‌తో కడిగి, ఆయిల్ అద్దిన తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డ మీద బూడిదరంగు రాని దాకా మళ్లీ కడగాలి. పిస్టన్ కిందికి ఆయిల్ చిమ్మే జెట్లలో ఒక్కటి మూసుకున్నా ఆ సిలిండర్ మొదట పోతుంది. సన్నని తీగతో పొడిచి, గాలి కొట్టి చూడాలి. సీలెంట్ ఎక్కువ పూస్తే ఊడి అక్కడికే పోతుంది.

ఇవన్నీ సరిగా చేసి, చివర పంపు స్క్రూ ఇష్టమొచ్చినట్టు తిప్పితే పనంతా దండగే. గాలి లేని డీజిల్ నల్లపొగ, వేడి తప్ప ఏమీ ఇవ్వదు. టర్బోకి ముందు పొగగొట్టంలో ఉష్ణోగ్రత మీటరు పెట్టించండి. ఘాట్‌లో ఫుల్ లోడు మీద 700 డిగ్రీలు దాటి నిలిచి ఉంటే గేరు దించాలి, పంపు తగ్గించాలి. అల్యూమినియం కరగడానికి ముందే, 300, 350 దాటేసరికే బలం పోగొట్టుకుంటుంది. గుంట అంచు అక్కడే పగలడం మొదలెడుతుంది. మీటరుకి పెట్టే ఖర్చు ఒక సెట్టు పిస్టన్ల ఖర్చులో చిన్న ముక్క.

ఈ పని పాత మెకానికల్ పంపు ఇంజన్లకే చెప్పాను. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో ఈ సర్దుబాట్లు చేస్తే పొగ శుద్ధి చేసే యంత్రాంగం మొత్తం పాడవుతుంది. ఏ బండిలోనైనా రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉన్న వివరాలకు భిన్నంగా మార్పులు చేయడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది కూడా.

రీబోర్ షాపులవారికి ఒక విన్నపం. బిల్లు మీద ‘6 సిలిండర్లు బోరు, హోనింగ్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. ఆరు బోర్ల కొలతలు, పిస్టన్ గ్యాపు, ఒక్కో పిస్టన్ పొడుచుకొచ్చిన ఎత్తు, వేసిన గ్యాస్కెట్ మందం, లెక్కకట్టిన నిష్పత్తి రాసివ్వండి. యజమానులు కూడా ఆ కాగితం లేకుండా డబ్బు కట్టకండి. రేపు ఇంజన్ పట్టేస్తే తప్పు పిస్టన్‌దా, బోరుదా, పంపుదా అన్నది తేలేది ఆ అంకెలతోనే.

ఇట్లు,
లారీ ఇంజన్ల పని తెలిసిన ఒక పాఠకుడు,
ఆటోనగర్, విజయవాడ