ల్యాబ్‌లో మెనూ ఎందుకు ఆగలేదంటే

పేరెంట్స్ అందరికీ నమస్కారం,

మొన్న జావా (ప్రోగ్రామ్‌లు రాసే భాష) ప్రాక్టికల్‌లో పదో తరగతి పిల్లల స్క్రీన్ల మీద మెనూ, అంటే నంబర్ కొట్టి ఎంచుకునే జాబితా, ఆగకుండా వస్తూనే ఉందని, సిస్టమ్స్‌కి వైరస్ పట్టిందని గ్రూపులో మెసేజ్‌లు తిరుగుతున్నాయి కదా, అందుకే రాస్తున్నాను. సిస్టమ్స్ బాగానే ఉన్నాయండీ, తప్పంతా పిల్లలు రాసిన లూప్‌లో, అంటే ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే భాగంలో ఉంది.

మెనూలో 4 కొడితే లూప్‌లోంచి ఎగ్జిట్ అవ్వాలి. చాలామంది కేస్ 4లో (4 కొడితే ఏం చేయాలో రాసే చోట) బ్రేక్, అంటే బయటికి రమ్మనే మాట, రాసి వదిలేశారు, ఆ బ్రేక్ స్విచ్‌లోంచి (ఈ కేస్‌లన్నీ ఉండే భాగంలోంచి) మాత్రమే బయటపడేస్తుంది, చుట్టూ ఉన్న వైల్ ట్రూ (ఆపేదాకా తిరుగుతూనే ఉండే లూప్) అలాగే నడుస్తుంది కాబట్టి మెనూ మళ్ళీ ప్రత్యక్షం. ఒక బూలియన్ (ట్రూ లేదా ఫాల్స్ మాత్రమే పట్టే వేరియబుల్) పెట్టుకుని, వైల్‌లో ట్రూ బదులు దాన్నే రాసి, కేస్ 4లో ఫాల్స్ చేస్తే సరిపోతుంది, లేదా లూప్‌కి లేబుల్, అంటే ఒక పేరు, ఇచ్చి ఆ లేబుల్‌తో బ్రేక్ చేయొచ్చు. ఇంకొందరిది వేరే కథ, నంబర్ బదులు అక్షరం కొట్టారు, నంబర్ చదివే నెక్స్ట్‌ఇంట్ ఎక్సెప్షన్ (ఎర్రర్) ఇచ్చింది, దాన్ని క్యాచ్‌లో (ఎర్రర్ వస్తే ఏం చేయాలో రాసే చోట) పట్టుకున్నారు కానీ ఆ అక్షరం కీబోర్డు నుంచి కొట్టింది చదివే స్కానర్‌లోనే ఉండిపోయింది, ప్రతి రౌండ్‌లో మళ్ళీ అదే తగులుతుంది, ఇక ఆగేదెక్కడ? క్యాచ్‌లో ఒక్క నెక్స్ట్‌లైన్ (మిగిలిన లైన్‌ని చదివేసేది) రాస్తే పోయేది.

మొదటి తప్పు పట్టుకుంది మేం కాదు, వెనక బెంచీ అమ్మాయి. కాగితం మీద రెండు గడులు గీసి, ఒకదాంట్లో ఛాయిస్, ఇంకోదాంట్లో ఏ లైన్‌లో ఉన్నామో రాసుకుంటూ వెళ్ళి, "సార్, బ్రేక్ అయ్యాక కూడా మనం వైల్ లోపలే ఉన్నాం" అంది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను! డ్రై రన్ అంటే అదే, నేను ప్రతి క్లాసులో మొత్తుకునేది దాని గురించే, కీబోర్డు ముట్టుకోకముందే పెన్సిల్‌తో ప్రోగ్రామ్‌ని నడిపించగలిగిన పిల్లకి రేపు ఏ లాంగ్వేజ్ వచ్చినా భయం ఉండదు.

మీరు ప్రేమతోనే సాయం చేస్తున్నారు, కాదనను, కానీ ఇంట్లో పెద్దవాళ్ళు రాసిచ్చిన ప్రోగ్రామ్‌లు రికార్డుల్లో తెలిసిపోతున్నాయండీ. మేమింకా నేర్పని సిస్టమ్ డాట్ ఎగ్జిట్ చాలా రికార్డుల్లో ఉంది, అది మొత్తం ప్రోగ్రామ్‌నే మూసేస్తుంది, లూప్ తర్వాత ప్రింట్ అవ్వాల్సిన టోటల్ రానే రాదు, ఎందుకు రాలేదని అడిగితే పిల్లలు తలదించుకుంటున్నారు. దయచేసి ఆపండి.



సోమవారం అదే ప్రోగ్రామ్ మళ్ళీ చేయిస్తాం, ఆ మార్కులే వేస్తాం. రఫ్ నోట్‌బుక్, పెన్సిల్ ఇచ్చి పంపండి, పెన్‌డ్రైవ్ వద్దు.

ఇట్లు,
మీ హెడ్‌మాస్టర్