మా తమ్ముడి వెంట నిలబడ్డ ప్రతి ఒక్కరికీ

దొంగతనం కేసులో మా తమ్ముణ్ణి కోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. తీర్పు సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చాకే ఈ నాలుగు మాటలు రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను. సాయం చేసినవాళ్లలో చాలామంది పేర్లు రాయొద్దన్నారు. కొందరి బతుకుదెరువు ఇప్పటికీ ఆ పోలీస్ స్టేషన్ ముందే. అందుకని పేర్లు లేవు. కానీ ఎవరు ఏం చేశారో మాత్రం చెప్పి తీరాలి. అందరికీ కలిపి ఒక్క నమస్కారం పెట్టేస్తే వాళ్లు చేసిన పని మరుగున పడిపోతుంది.

2023లో తమ్ముడు పనిచేసే గోడౌన్‌లో క్యాష్ పోయింది. మఫ్టీలో ఇద్దరొచ్చి "సార్ మాట్లాడతారట, రా" అని బండెక్కించుకుపోయారు. ఆ రాత్రి ఇంటికి రాలేదు. మర్నాడూ రాలేదు. స్టేషన్‌కెళ్లి అడిగితే "ఇక్కడెవరూ లేరమ్మా" అన్నారు. అరెస్టు చేసినవాణ్ణి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. అరెస్టునే కాగితం మీద చూపించకపోతే పోలీసుల లెక్కలో ఆ 24 గంటలు మొదలే కావు. అన్యాయమంతా ఆ సందులోంచే దూరింది.

మొదటి దండం మా వీధిలో ఉండే రిటైర్డ్ బెంచి క్లర్కు గారికి. అమ్మ ఏడుస్తుంటే ఆయన కాగితం, పెన్ను తెప్పించారు. "ముందు రాయమ్మా. ఎన్ని గంటలకు తీసుకెళ్లారు, ఎవరు చూశారు, స్టేషన్‌లో ఏమన్నారు, అన్నీ రాయి. కింద తేదీ, టైము వెయ్యి. పొద్దున్నే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో ఇచ్చి, నీ కాపీ మీద అందినట్టు తేదీ, టైముతో ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకో. ముద్ర లేకుండా మాత్రం రావొద్దు" అన్నారు. 15100 నంబరుకు ఫోన్ చేయించిందీ ఆయనే. అది న్యాయసేవల హెల్ప్‌లైన్ అని అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ ఉదయమే అక్కడి సెక్రటరీ గారు స్టేషన్‌కు ఫోన్ చేసి అడిగారు. సాయంత్రానికి తమ్ముడు కోర్టులో ఉన్నాడు. రిమాండు రిపోర్టులో మాత్రం ఆ మధ్యాహ్నమే బస్టాండులో అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నామని, జేబులో డబ్బు దొరికిందని రాశారు.

బస్టాండులో పట్టుకున్నామన్న టైముకన్నా ముందే మా కాగితం మీద ముద్ర పడి ఉంది! విచారణలో అదే మా తరఫున కోర్టుకిచ్చిన మొదటి సాక్ష్యపత్రం (ఎగ్జిబిట్) అయింది. అరెస్టు తేదీ, సమయం నమ్మదగ్గవిగా లేవని జడ్జి గారు తీర్పులో రాసింది ఆ ముద్ర చూసే.

ఇక మా లాయరు మేడమ్. ఆవిడ లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్, అంటే న్యాయసేవాధికార సంస్థ ముద్దాయిల కోసం ఉచితంగా పెట్టే లాయరు. "ఫ్రీ లాయరంటే వాయిదాకి వచ్చి నిలబడి పోతారు, అప్పో సప్పో చేసి మంచి ప్లీడరును పెట్టుకోండి" అని చెప్పనివాళ్లు లేరు. ఆ మాట ఎంత తప్పో మేం కళ్లారా చూశాం. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. ముద్దాయి నోరు తెరిచి అడగలేదన్న సాకుతో ఆ హక్కు కాదనడానికి వీల్లేదని 1986లోనే సుక్ దాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. "ఇది మీకు ఎవరో చేస్తున్న దానం కాదు, మీ హక్కు" అని మేడమ్ మొదటిరోజే అమ్మకు చెప్పారు. అప్పటినుంచి అమ్మ కోర్టు వరండాలో తలెత్తుకుని కూర్చుంది.

కేసు ఐపీసీ 381, పనివాడు యజమాని సొత్తు దొంగిలించడం. గరిష్ఠంగా ఏడేళ్ల శిక్ష. అలాంటి కేసుల్లో ఆటోమేటిక్‌గా అరెస్టు చేయకూడదని, ముందు 41ఏ నోటీసు (అరెస్టు చేయకుండా విచారణకు రమ్మని ఇచ్చేది) సంగతి చూడాలని, మేజిస్ట్రేట్లు కూడా యాంత్రికంగా రిమాండు ఇవ్వకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేడమ్ అదంతా వాదించినా ఆరోజు రిమాండు పడింది. ఆవిడ మాత్రం ఆగలేదు. డబ్బు పోయిందంటున్న టైములో తమ్ముడు అమ్మ ఖాతాలో డబ్బు కట్టడానికి బ్యాంకులో ఉన్నాడు. సీసీ కెమెరా ఫుటేజీ ఎల్లకాలం ఉండదు, దాని మీద కొత్తది రికార్డయిపోతుంది. అది చెరిగిపోకముందే భద్రపరచమని కోర్టు ద్వారా బ్యాంకుకు ఉత్తర్వు ఇప్పించారు, ఎలక్ట్రానిక్ సాక్ష్యం కోర్టులో చెల్లడానికి కావలసిన 65బి సర్టిఫికెట్‌తో సహా తెప్పించారు. స్టేషన్ కెమెరాల ఫుటేజీ కూడా అడిగారు. కెమెరాలు పనిచేయడం లేదని జవాబొచ్చింది. స్టేషన్లలో కెమెరాలుండాలని, రికార్డింగు కనీసం ఏడాది దాచాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి మేడమ్ రికార్డులోకి ఎక్కించారు.

బెయిలొచ్చింది. తమ్ముడు మాత్రం రాలేదు. ఆస్తి కాగితాలున్న ఇద్దరు జామీనుదారులు కావాలి. కూలీ చేసుకునే వాళ్లకి ఆస్తి కాగితాలున్న చుట్టాలు ఎక్కడుంటారు? బెయిలు ఆర్డరు చేతిలో ఉండి కూడా లోపలే ఉండటమంత నరకం ఇంకోటి లేదు. ఇక్కడ సాయపడ్డది జైల్లో శిక్ష అనుభవిస్తూ పారా లీగల్ వాలంటీరుగా (తోటి ఖైదీలకు న్యాయసాయం అందేలా చూసేవాడిగా) పనిచేస్తున్న ఒక పెద్దాయన. ఆయన తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఆర్డరు తెలుగులో చదివి చెప్పారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలున్నాయనీ, బెయిలొచ్చి నెలరోజుల్లో జామీను పెట్టలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించొచ్చనీ చెప్పి, సూపరింటెండెంట్ ద్వారా దరఖాస్తు పంపించారు. మేడమ్ దానికి 1978 నాటి మోతీరాం తీర్పు జోడించారు. ఒక తాపీమేస్త్రీకి పదివేల జామీను అడిగితే, పేదవాడికి అది బెయిలు నిరాకరించడమేనన్న ధోరణిలో సుప్రీంకోర్టు మందలించి వెయ్యి రూపాయలకు తగ్గించిన కేసది. కోర్టు ఒక్క జామీను చాలంది. ఆ ఒక్కడుగా నిలబడింది తమ్ముడితోపాటు లోడింగ్ చేసే అన్న. యజమాని పనిలోంచి తీసేస్తాడని తెలిసే తన ఇంటి పన్ను రసీదు పట్టుకుని కోర్టుకొచ్చాడు. తర్వాత నిజంగానే పని పోయింది. అన్నా, నీ రుణం తీరేది కాదు.

ఆ మధ్యలో వచ్చిన ఒత్తిడి గురించి కూడా రాయాలి. "నేరం ఒప్పుకోమనండి, లోపలున్న రోజులు శిక్షలో కలిపేస్తారు, ఇవాళే ఇంటికి" అని ఎవరెవరో కబురు పెట్టారు. మేడమ్ ఆ మాటకు కోప్పడలేదు, భయపెట్టలేదు. ఒప్పుకుంటే ఏమవుతుందో, పోరాడితే ఎన్నాళ్లు పట్టొచ్చో రెండూ తమ్ముడికి విడమరిచి చెప్పి, "నిర్ణయం నీది" అన్నారు. తమ్ముడు "నేను తియ్యలేదు మేడమ్" అన్నాడు. ఆరోజు వాడి మాటకు విలువ ఇచ్చినందుకు ఆవిడకు వేయి దండాలు.

టీ కొట్టు అన్న గురించి చెప్పకపోతే ఈ పోస్టుకు అర్థం లేదు. బస్టాండులో డబ్బు స్వాధీనం చేసుకున్నప్పుడు మధ్యవర్తిగా (పంచనామా సాక్షిగా) సంతకం చేసినట్టు కాగితాల్లో ఉన్న మనిషి ఆయన. కొట్టు ఉండేది స్టేషన్ గోడ పక్కనే. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మేడమ్ అడిగితే బోనులో నిలబడి, "నేను బస్టాండుకు వెళ్లలేదు, టీ ఇవ్వడానికి వెళ్తే స్టేషన్‌లోనే తెల్లకాగితాల మీద సంతకం పెట్టించుకున్నారు" అని చెప్పేశారు. ప్రాసిక్యూషన్ ఆయన్ని హోస్టైల్‌గా, అంటే తమకు ఎదురు తిరిగిన సాక్షిగా ప్రకటించింది. మాకు మాత్రం ఆ కోర్టు హాల్లో అంత ధైర్యవంతుడు ఇంకెవరూ కనపడలేదు. బయటికొచ్చాక అమ్మ చేతులు జోడిస్తే, "నాకూ పిల్లలున్నారమ్మా" అని గబగబా వెళ్లిపోయారు.

నిర్దోషి అని తీర్పొచ్చినా పోయిన రోజులు ఎవరిస్తారు? నిరాధారంగా అరెస్టు చేయించినవాళ్ల నుంచి మేజిస్ట్రేటు ఇప్పించగలిగే పరిహారానికి చట్టంలో ఉన్న పరిమితి వెయ్యి రూపాయలు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 358లో ఉన్న ఆ అంకెను, దాని స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ మార్చలేదు. తప్పుడు కేసుల్లో నలిగినవాళ్లకు పరిహారం కోసం చట్టంలో ప్రత్యేక నిబంధనలు తేవాలని లా కమిషన్ 2018లో 277వ నివేదికలో సిఫార్సు చేసింది. ఆ నిబంధనలు రావాలి. మాలాంటి వాళ్లం అడుగుతూనే ఉండాలి. బీహార్‌లో నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు జైల్లోనే మగ్గిన రుదుల్ సాహ్‌కు 1983లో సుప్రీంకోర్టే నేరుగా పరిహారం ఇప్పించింది. ఆ దారి పట్టుకుని, అరెస్టు చూపించకుండా నిర్బంధించినందుకు మేమూ హైకోర్టులో రిట్ వేస్తున్నాం. కాగితాలు హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి చేరాయి. అవి సర్దిపెట్టిందీ ఆ రిటైర్డ్ క్లర్కు గారే.

ఫుటేజీ కాపీ కోసం వచ్చిన ప్రతిసారీ కుర్చీ వేసి కూర్చోబెట్టిన బ్యాంకు ఉద్యోగులకు, వాయిదా రోజుల్లో అమ్మకు తోడొచ్చిన పక్కింటి అక్కకు, బయటికొచ్చాక "కేసున్నోడు" అనకుండా పని ఇచ్చిన రైస్‌మిల్లు వాళ్లకు, పేరుపేరునా నమస్కారాలు.

జైల్లో తమ్ముడి బ్యారక్‌లోనే ఉన్న ఒక కుర్రాడికి బెయిలొచ్చి, జామీను లేక ఇంకా లోపలే ఉన్నాడని మేడమ్ చెప్పారు. అతనికి జామీను నేను పెడుతున్నాను. ఇంటి పన్ను రసీదు, ఆధార్ జిరాక్సులు సిద్ధం చేసుకున్నాం. సోమవారం తమ్ముడూ నేనూ కోర్టుకు వెళ్తున్నాం.