రేడియో వెనక చీటీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మా నాన్నగారు జీవితమంతా రేడియోలు రిపేరు చేసిన మనిషండి. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, సోల్డరింగ్ నేను చేస్తున్నా, కానీ ఆయన గది నిండా పాత సెట్లే, చెక్క క్యాబినెట్‌వి, బేకలైట్‌వి, 1954లో మొదటి ట్రాన్సిస్టర్ రేడియో మార్కెట్లోకి వచ్చాక జనం మెల్లగా వదిలేసిన వాల్వ్ సెట్లే, అంటే బల్బుల్లాంటి గాజు గొట్టాలతో నడిచేవే ఎక్కువ. స్విచ్ వేస్తే వెంటనే పలకవు, వాల్వులు ఎర్రబడి వేడెక్కడానికి అర నిమిషం పడుతుంది, తర్వాత సన్నగా హమ్ వస్తుంది, నాబ్ తిప్పుతుంటే స్టేషన్ దగ్గరయ్యేకొద్దీ స్టేషన్ సరిగ్గా కుదిరిందో లేదో చూపించే మేజిక్ ఐ అనే చిన్న గాజు కన్నులో పచ్చ వెలుగు మధ్య ఉన్న నీడ సన్నబడిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఈ ఉత్తరం ఎందుకంటే, మాకు తెలిసినవాళ్ళు అటక మీద దొరికిన సెట్‌ని తుడిచి నేరుగా ప్లగ్గులో పెట్టేశారు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. నాన్న ఆ రోజంతా బాధపడ్డారు. ఏళ్ళ తరబడి వాడకపోతే లోపల కరెంటుని సాఫీ చేసే ఫిల్టర్ కండెన్సర్లు పాడైపోతాయి, పేపర్ కండెన్సర్లలోంచి కరెంటు లీకవుతుంది, అవి షార్ట్ అయితే ఖరీదైన భాగాలు పోతాయి. ఆయన ఎప్పుడూ ముందు సీరీస్‌లో, అంటే సెట్‌కి వెళ్ళే కరెంటు దారిలోనే, మామూలు ఫిలమెంట్ బల్బు పెట్టి చూస్తారు, బల్బు ఫుల్లుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు, వెలిగి డిమ్మయితే కొంచెం ధైర్యం. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ డీసీ సెట్లలో అయితే లోపలి లోహపు చట్రానికే, అంటే ఛాసిస్‌కే కరెంటు ఉండొచ్చు, తెలియనివాళ్ళు వెనక అట్ట అస్సలు తీయొద్దు, ప్రాణానికే ప్రమాదం.

ఇంకో మాట. నాన్న ప్రతి సెట్ లోపలా ఒక చీటీ అంటించారు, ఏ కండెన్సర్ మార్చారు, ఏ వాల్వ్ దొరక్క ఏది వేశారు, నాబ్ తిప్పితే స్టేషన్ ముల్లుని కదిపే డయల్ తాడు ఏ పుల్లీ మీద ఎన్ని చుట్లు తిరగాలో పెన్సిల్ బొమ్మతో సహా. సెట్లు కొనడానికి వచ్చినవాళ్ళు పాలిష్ చూస్తారు, చీటీ చూడరు, ఒకాయనైతే శుభ్రం చేస్తానని పీకేయబోతే నేనే ఆపాను. ఆ తాడు తెగితే ఆ బొమ్మ లేకుండా మళ్ళీ చుట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు, రెండు రోజులు కూర్చున్నా.

అందుకే మీ పేపర్లో వారానికొకసారి చిన్న జాగా ఇచ్చి, పాత మెకానిక్‌లు చెప్పేవి వాళ్ళ మాటల్లోనే వేయండి సార్. మొదటి దానికి నాన్న నోట్‌బుక్ నేను తెచ్చిస్తాను.

ఇట్లు,
ఒక రేడియో మెకానిక్ కూతురు