సగంలో ఆగినవాటిని నమ్మి ఇచ్చినవారికి

మా పత్రిక మొదటి సంచిక మొన్న శనివారం ప్రెస్సు నుంచి వచ్చింది. 200 ప్రతులు, రెండు అట్టపెట్టెలు. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఆటో దిగేసరికి ఒక పెట్టె అడుగు ఊడింది. రోడ్డు మీద పడినవాటిని ఏరి, దుమ్ము దులిపి ఇచ్చిన అరటిపళ్ళ బండి ఆవిడకు మొదటి నమస్కారం. ఒక ప్రతి ఇవ్వబోతే ఇందులో ఏముందని అడిగారు. సగం రాసి వదిలేసినవని చెప్పాను. "అయితే పూర్తయ్యాకే ఇద్దువుగాని బాబూ" అన్నారు.

పూర్తికాని కథలు, ఆగిపోయిన పాటలు, బొమ్మలు మాత్రమే వేసే పత్రిక ఇది. డబ్బుకు ఇబ్బంది పడతామనుకున్నాను. చందాలు వారంలో వచ్చేశాయి, రచనలే రాలేదు. అడిగిన ప్రతివారూ "కాస్త సరిచేసి పంపుతాను" అనేవారు. సరిచేయకండి మహాప్రభో అని బతిమాలడంతోనే నాలుగు నెలలు గడిచాయి. చివరికి మనసు రాయి చేసుకుని, ఉన్నది ఉన్నట్టు పంపిన పందొమ్మిది మందికీ చేతులెత్తి దండం.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లి నుంచి వీణలు చేసే పెద్దాయన ఒక కాగితం పంపారు. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగలో తొలుస్తారు కదా, ఆ దుంగ పని మధ్యలో బీటవారింది. పెన్సిలుతో కుండ, దండి, పక్కన కొలతలు, బీట వచ్చిన చోట ఒక అడ్డగీత. కింద ఒకే మాట: "ఇక్కడిదాకా." ఆ పేజీని ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నానో.

ప్రూఫులు దిద్దిన మా తెలుగు మాస్టారికి పాదాభివందనం. తెగిపోయిన ప్రతి వాక్యం చివరా ఎర్రసిరాతో చుక్క పెట్టారు. ఒక కథకైతే ముగింపే రాసిచ్చారు (బాగుంది, అదే బాధ). గురజాడవారి కొండుభట్టీయం, బిల్హణీయం కూడా అసంపూర్తివే కదండీ అని నసిగాను. "ఆయన సగం వేరు, నీ సగం వేరురా" అన్నారు. అన్నారే గాని, రాత్రి కూర్చుని ఆ చుక్కలన్నీ ఆయనే కొట్టేశారు.

యూనికోడ్ నుంచి పాత ఫాంటులోకి మార్చినప్పుడు ఎగిరిపోయిన వత్తులను ఒక్కొక్కటిగా వెదికి పెట్టిన డీటీపీ అమ్మాయికి కృతజ్ఞతలు. చివరి పేజీలు రాలేదని మూడుసార్లు ఫోను చేసింది కూడా.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పునే పెరగాలి. మాకు 46 వచ్చాయి, 48 కావాలి. మిగిలిన రెండింటిలో ప్రకటనలు వేసుకోమన్నారు ప్రెస్సువారు. ఖాళీగా వదిలేశాం. నిన్న మాస్టారింటికి వెళ్ళేసరికి వాటిలో అమ్మగారు పాల లెక్క మొదలుపెట్టారు. ఇప్పటికి నాలుగు రోజులు వేశారు.