వార్షిక నివేదిక 2024–25: మన ఊరి సాకర్ జట్టుతో ఒక సీజన్

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి కార్యక్రమాల వివరాలు, జమాఖర్చులు కోశాధికారి గారి నివేదికలో విడిగా ఉన్నాయి. పండగలు బాగానే జరిగాయి, హాలు అద్దె మళ్ళీ పెరిగింది, అంతకంటే చెప్పాల్సింది లేదు. ఈ నివేదిక పోయిన సర్వసభ్య సమావేశంలో అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగిన తీర్మానం గురించి. మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో ఆడే వెస్టర్న్ యునైటెడ్ సాకర్ (ఫుట్‌బాల్) జట్టు మ్యాచ్‌లకు సంఘం తరఫున కుటుంబాలతో కలిసి వెళ్ళాలని, పిల్లలను సాకర్ వైపు ప్రోత్సహించాలని అప్పుడు అనుకున్నాం. ఆ తీర్మానం ఎంత దూరం వెళ్ళిందో, ఎక్కడ ఆగిందో మీ ముందు పెడుతున్నాం.

అప్పుడు వచ్చిన అభ్యంతరాలు న్యాయమైనవే. "క్రికెట్ ఉండగా ఇదెందుకు?" అని పెద్దలు అడిగారు. ఈ నగరంలో జనం పిచ్చి ఆస్ట్రేలియన్ రూల్స్ ఆట మీదే కదా, సాకర్‌ను ఎవరు చూస్తారని ఇంకొందరన్నారు. కార్యవర్గం చెప్పిన జవాబు ఒక్కటే: దగ్గర. టార్నీట్, ట్రుగనీనా, వెరిబీ వైపు ఇళ్ళు కొనుక్కున్న మనకు మంచి ఆట చూడాలన్నా, మంచి కచేరీ వినాలన్నా రైలెక్కి సిటీకి పోవడం అలవాటైపోయింది. దేశంలోని అగ్రశ్రేణి లీగ్ జట్టు ఒకటి మన ఇళ్ళ మధ్యే మైదానం కట్టుకుని ఆడుతుంటే, ఒకసారి కూడా తొంగి చూడకపోవడం బాగోదనిపించింది. పైగా మన పిల్లల్లో చాలామంది మినీరూస్ అనే చిన్నపిల్లల సాకర్‌లో ఎలాగూ బంతి తంతూనే ఉన్నారు. ఆఫ్‌సైడ్ గురించి వాళ్ళు చెబితే మనం నేర్చుకున్నాం.

కొత్త సభ్యుల కోసం క్లబ్ చరిత్ర క్లుప్తంగా. 2018 డిసెంబర్‌లో లీగ్‌లో ఆడే లైసెన్సు వచ్చింది, 2019–20 సీజన్ నుంచి ఆడటం మొదలుపెట్టింది. టార్నీట్‌లో 15 వేల మంది పట్టే సొంత స్టేడియం కడతామన్నదే లైసెన్సు సంపాదించి పెట్టిన ప్రధాన వాగ్దానం. స్టేడియం చుట్టూ ఉన్న భూమిని అభివృద్ధి చేసి, ఆ ఆదాయంతో క్లబ్‌ను నడపాలన్నది ఆలోచన. స్టేడియం మాత్రం లేవలేదు. అంతవరకూ జట్టు జీలాంగ్‌లో ఆడింది, బల్లారట్‌లో ఆడింది, సిటీలోని ఆమీ పార్క్‌లో ఆడింది, సముద్రం దాటి టాస్మేనియాలోని లాన్‌సెస్టన్‌లోనూ ఆడింది. అద్దె ఇళ్ళు మారుతూ తిరిగే కుటుంబం లాగే ఉండేది దాని పరిస్థితి. అలా తిరుగుతూనే 2022 మే 28న ఆమీ పార్క్‌లో మెల్‌బోర్న్ సిటీ జట్టును 2–0తో ఓడించి ఛాంపియన్ అయింది. రెండో నిమిషంలోనే సిటీ ఆటగాడు నూనో రెయిస్ తన గోల్‌లోకే బంతి కొట్టుకున్నాడు. ముప్పయ్యో నిమిషంలో అలెక్సాండర్ ప్రియోవిచ్ రెండో గోల్ వేశాడు. మరుసటి సీజన్‌లో మొదలైన మహిళల జట్టు మొదటి ఏడాదే ఫైనల్‌కు చేరి సిడ్నీ ఎఫ్‌సీ చేతిలో ఓడింది.

టార్నీట్‌లో చివరికి తయారైంది ఐర్న్‌బార్క్ ఫీల్డ్స్. సుమారు 5 వేల మంది పట్టే శిక్షణా కేంద్రం, ఒకవైపు చక్కటి గ్యాలరీ. పురుషుల జట్టు అక్కడ ఆడటం మొదలుపెట్టింది 2023–24 సీజన్ చివర్లో. ఆ సీజన్‌లో జట్టు 12 జట్లలో 11వ స్థానంలో నిలిచింది. మనం తీర్మానం చేసినప్పుడు చేతిలో ఉన్న రికార్డు అదే కాబట్టి, గెలిచే జట్టు వెంట పడ్డామని మాత్రం ఎవరూ అనలేరు.

సీజన్ గురించి

ఆక్లాండ్ ఎఫ్‌సీ కొత్తగా చేరడంతో 2024–25లో జట్లు 13 అయ్యాయి. లెక్క బేసి కావడంతో ప్రతి రౌండ్‌లోనూ ఎవరో ఒకరు ఖాళీగా కూర్చోవాల్సిందే. ఒక్కో జట్టుకు 26 మ్యాచ్‌లు, అక్టోబర్‌లో మొదలై మే దాకా. అంటే ఇక్కడి ఎండాకాలం మొత్తం. ఎండ మండే రోజుల్లో మజ్జిగ సీసాలు మోసిన వాలంటీర్లకు ప్రత్యేకంగా ధన్యవాదాలు. పైనున్న ఆరు జట్లు ఫైనల్స్‌కు వెళ్తాయి. అట్టడుగున నిలిచినా కింది డివిజన్‌కు దిగజారడం ఈ లీగ్‌లో లేదు. యూరప్ లీగ్‌లు చూసే మన కుర్రాళ్ళకు ఇది చప్పగా అనిపించింది. టెన్షన్ లేని ఆటేమిటని వాళ్ళ వాదన.

కోచ్ జాన్ అలోయిసీ పేరు ఇక్కడి వాళ్ళకు పరిచయం చేయక్కర్లేదు. 2005 నవంబర్ 16న సిడ్నీలో ఉరుగ్వేపై చివరి పెనాల్టీ కొట్టి, 1974 తర్వాత ఆస్ట్రేలియాను మళ్ళీ ప్రపంచ కప్‌కు చేర్చింది ఆయనే. 2022లో ఆయన జట్టు గెలిచిన పద్ధతి వేరు. గట్టిగా కాపు కాసి, ఒక గోల్ వేసి, దాన్నే పట్టుకుని ఆట ముగించేవాళ్ళు. ఈసారి చేతిలో ఉన్నది కుర్రాళ్ళు ఎక్కువ, అనుభవజ్ఞులు తక్కువ ఉన్న జట్టు. వాళ్ళతో ఆయన ధైర్యంగా ముందుకు ఆడించారు. ముందు వరసలో నోవా బోటిచ్, అతనికి తోడుగా పొడవాటి జపాన్ ఆటగాడు హిరోషి ఇబుసుకి. గాలిలో వచ్చే బంతి ఏదైనా ఇబుసుకి తలకే తగులుతుందని మన పిల్లలకు గట్టి నమ్మకం.

ఫలితం: 26 మ్యాచ్‌ల్లో 14 గెలుపులు, 5 డ్రాలు, 7 ఓటములు, 47 పాయింట్లు, మూడో స్థానం. వేసిన గోల్స్ 55. వెస్టర్న్ సిడ్నీ వాండరర్స్ తప్ప ఇంకెవరూ ఇన్ని వేయలేదు. రెండో స్థానంలో ఉన్న మెల్‌బోర్న్ సిటీకి తేడా ఒక్క పాయింటే. ఆక్లాండ్ మొదటి సీజన్‌లోనే 53 పాయింట్లతో పట్టికలో అగ్రస్థానం తీసుకుంది. 11 నుంచి 3కు ఎగబాకడం చిన్న విషయం కాదు. మన సంఘానికి ఇందులో భాగం ఏమీ లేదనుకోండి, అయినా చూసినవాళ్ళకు ఆ సంతోషం దక్కింది.

గ్యాలరీలు నిండాయని మాత్రం రాయలేం. లీగ్‌లో ప్రేక్షకులు తక్కువగా వచ్చే జట్లలో ఇదొకటి. దానివల్ల మనకు మేలే జరిగింది: పిల్లలు కంచె దగ్గర నిలబడితే కోచ్ అరుపులు కూడా వినిపించేవి, మ్యాచ్ అయ్యాక ఆటగాళ్ళు దగ్గరికొచ్చి సంతకాలు పెట్టేవారు. క్లబ్ ఖజానాకు మాత్రం ఆ ఖాళీయే శాపం.

సిటీలో జరిగిన మ్యాచ్‌కు వెళ్ళినప్పటి ఒక విషయం నివేదికలోకి ఎక్కాలని పెద్దలు పట్టుబట్టారు, సంతోషంగా ఎక్కిస్తున్నాం. ఆమీ పార్క్ ఉన్నది పాత ఒలింపిక్ పార్క్ పక్కనే. 1956 డిసెంబర్ 1న మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆ ఒలింపిక్ పార్క్‌లోనే ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ వేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దింది కూడా ఆయనే. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ ఒలింపిక్ జట్టులో ఉన్నారు. సెమీఫైనల్‌లో యుగోస్లావియా చేతిలో 1–4తో ఓడి, చివరికి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. రైల్లో వెనక్కి వస్తూ ఈ కథ చెబితే, మనవాళ్ళు ఆస్ట్రేలియాను సాకర్‌లో ఓడించారంటే పిల్లలు నమ్మలేదు. ఫోన్లో వెతికి చూసుకున్నాక నమ్మారు. "సాకర్ మనకెందుకు?" అనే ప్రశ్న ఆ తర్వాత మన గ్రూపులో మళ్ళీ రాలేదు.

ఫైనల్స్‌లో మొదటి మ్యాచ్ మేలో, ఆరో స్థానంలో నిలిచిన అడిలైడ్ యునైటెడ్‌తో. ఓడితే ఇంటికే. 3–2తో గెలిచాం. (గెలిచాం అని రాయడం కార్యవర్గం నిష్పాక్షికతకు విరుద్ధమని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పారు. అభ్యంతరం నమోదు చేశాం, వాక్యం మార్చలేదు.) రెండు అంచెల సెమీఫైనల్ మెల్‌బోర్న్ సిటీతో. మొదటి అంచెలో 0–3తో చేతులెత్తేశారు. రెండోది 1–1. అక్కడితో సీజన్ అయిపోయింది. ఆ సిటీ జట్టే ఫైనల్‌లో మెల్‌బోర్న్ విక్టరీని 1–0తో ఓడించి కప్పు తీసుకుంది.

ఆట బయట

మైదానంలో ఇంత బాగా ఆడుతున్న జట్టు వెనక డబ్బు ఎండిపోతోందన్నది సీజన్ పొడవునా వార్తల్లో వస్తూనే ఉంది. చాలామందిమి చదివి పక్కన పెట్టాం. స్టేడియం లేదు కాబట్టి భూమి ఆదాయం అనుకున్నట్టు రాలేదు. లీగ్ నుంచి క్లబ్‌లకు ఏటా వచ్చే వాటా సుమారు 20 లక్షల డాలర్ల నుంచి 5.3 లక్షలకు పడిపోయింది. ఆటగాళ్ళ జీతాలకు కనీసం పెట్టి తీరాల్సిన మొత్తమే దానికి ఎన్నో రెట్లు. ఈ కోత అన్ని క్లబ్‌లకూ పడింది, కానీ గేటు ఆదాయం లేని క్లబ్‌కు గట్టిగా తగిలింది. పన్నుల శాఖ బకాయిల కోసం కోర్టుకు వెళ్ళింది. కేఏఎం స్పోర్ట్స్ అనే అమెరికా బృందం క్లబ్‌ను తీసుకుంటుందన్న ప్రకటనతో కాస్త ఆశ కలిగింది. ఆగస్టులో ఫుట్‌బాల్ ఆస్ట్రేలియా లైసెన్సింగ్ బోర్డు, ఆర్థిక నిబంధనలు పాటించలేదని లైసెన్సు తీసేసింది. సెప్టెంబర్ మొదటివారంలో తుది మాట వచ్చింది: 2025–26లో పురుషుల జట్టూ ఆడదు, మహిళల జట్టూ ఆడదు. క్లబ్ మూతపడినట్టు కాదు, ఒక సీజన్ నిద్రాణంగా ఉంచి 2026–27లో తిరిగి తేవాలన్నది ఆలోచన అన్నారు. ఆటగాళ్ళు వేరే దారులు వెతుక్కోవాల్సి వచ్చింది. బోటిచ్ అంతకు ముందే ఆస్ట్రియా వియన్నా అనే క్లబ్‌కు వెళ్ళిపోయాడు.

హైదరాబాద్ నుంచి వచ్చిన సభ్యులకు ఈ కథ ఎక్కడో విన్నట్టే ఉంది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచింది. ఆ జట్టులో ఆస్ట్రేలియా ఆటగాడు జోయల్ కియనీస్ కూడా ఉన్నాడు. రెండు నెలలకే ఇక్కడ వెస్టర్న్ యునైటెడ్ గెలిచింది. 2023–24 వచ్చేసరికి హైదరాబాద్‌లో జీతాలు అందక ఆటగాళ్ళు వరసగా వెళ్ళిపోయారు, జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. కప్పు గెలిచిన ఏడాది జట్టు ఖాతాపుస్తకం ఎలా ఉందో అభిమాని ఎవడూ అడగడు. కార్యదర్శిగా నా అభిప్రాయం రాయమంటే ఇదే: ఈ క్లబ్‌ను ముంచింది ఆట కాదు, జనం లేకపోవడం ఒక్కటే కూడా కాదు. కట్టని స్టేడియం మీద వచ్చే ఆదాయాన్ని ముందే లెక్కేసుకోవడం. స్టేడియం ముందు, జట్టు తర్వాత అని ఉంటే ఈ నివేదిక వేరేగా ఉండేది. దీంతో ఏకీభవించని సభ్యులు సమావేశంలో చెప్పవచ్చు, చెబుతారని తెలుసు.

ఇప్పుడేం చేయాలి

ఈ ఏడాదికి అనుకున్న గ్రూపు టికెట్ల కార్యక్రమం సహజంగానే రద్దయింది. అందుకు కేటాయించిన మొత్తం కదల్చకుండా అలాగే ఉంది, వివరం కోశాధికారి గారి దగ్గర ఉంది. దాన్ని ఏం చేయాలన్న దానిపై కార్యవర్గంలోనే రెండు మాటలున్నాయి. మెల్‌బోర్న్ విక్టరీ, మెల్‌బోర్న్ సిటీ జట్లు ఆడుతూనే ఉన్నాయి కాబట్టి ఆమీ పార్క్‌కు వెళ్దామని కొందరు అంటున్నారు. అయితే రైలు, పార్కింగ్, రాత్రి ఆలస్యం, నిద్రపోయే పిల్లలు. మనం "దగ్గర" అని మొదలుపెట్టిన కారణమే అక్కడ పోతుంది.

రెండో ప్రతిపాదన పిల్లల వైపు. ఈ ఏడాది పెద్దగా చెప్పుకోకుండానే బాగా నడిచింది బూట్ల అర. చిన్నదైన సాకర్ బూట్లు, కాలి ప్యాడ్‌లు తెచ్చి పెడితే సరిపోయేవాళ్ళు పట్టుకుపోతారు. ఎదిగే పిల్లల తల్లిదండ్రులకు అది ఎంత పెద్ద సాయమో చెప్పక్కర్లేదు. మినీరూస్ రిజిస్ట్రేషన్ ఫీజు భారమయ్యే కుటుంబాలకు ఆ టికెట్ల మొత్తంలోంచి కొంత ఇవ్వాలని, అమ్మాయిలకు మొదటి ప్రాధాన్యం ఉండాలని మహిళా విభాగం రాతపూర్వకంగా కోరింది. మహిళల జట్టు కూడా ఆగిపోయాక మన అమ్మాయిల్లో కొందరు ఆట మానేస్తామంటున్నారన్నది వాళ్ళు చూపిన కారణం. కార్యవర్గంలో ఎక్కువమంది దీని వైపే ఉన్నారు.

ఆకుపచ్చ, నలుపు జెర్సీలు కొనుక్కున్నవాళ్ళు ఇప్పుడేం చేయాలని గ్రూపులో అడిగారు. వేసుకోండి. 2026–27లో జట్టు తిరిగొస్తే, ఆ సీజన్‌కు సంఘం మళ్ళీ వెళ్ళాలా వద్దా అన్నది అప్పటి ఆర్థిక పరిస్థితి చూసి సర్వసభ్య సమావేశమే తేల్చాలి. ముందస్తుగా సీజన్ టికెట్ల డబ్బు మాత్రం కట్టొద్దని కోశాధికారి గారి సూచన, దానితో నేనూ ఏకీభవిస్తున్నాను.

పై రెండు ప్రతిపాదనలు అజెండాలో ఆర్థిక నివేదిక తర్వాత చర్చకు వస్తాయి. చేతులెత్తి ఓటింగ్. చందా కట్టినవాళ్ళకే ఓటు ఉంటుంది కాబట్టి, బాకీ ఉన్నవాళ్ళు సమావేశం మొదలయ్యేలోపు కోశాధికారి గారిని కలవండి. బూట్ల అర హాలు గుమ్మం పక్కనే ఉంటుంది. తెచ్చేవాళ్ళు బురద కడిగి తీసుకురాగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి