తైలం అన్నారని తాగించకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ కుటుంబం పేజీ అడుగున చిన్న పెట్టె కట్టి వంటింటి చిట్కాలు వేశారు. మూడో చిట్కా చదివి కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. ‘పిల్లలకు జలుబు చేస్తే గోరువెచ్చని నీళ్లలో చెంచాడు తేనె, రెండు చుక్కల నీలగిరి తైలం కలిపి తాగించండి’ అని ఉంది. రాసినవారి పేరు లేదు. తేనె సంగతి సరే, అదైనా ఏడాది నిండని పిల్లలకు పెట్టకూడదు. తైలం మాత్రం తాగించే వస్తువు కాదు. ఈ మాట అనడానికి నాకు రెండు అర్హతలున్నాయి. ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా చేసి 2021లో రిటైరయ్యాను, అది ఒకటి. రెండోది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పోయిన జనవరిలో మా మనవరాలు ఆ తైలమే తాగింది. తప్పు పూర్తిగా నాది.

అంతకు ముందు వేసవిలో రిటైరైన నలుగురం కలిసి ఊటీ వెళ్లాం. ఊటీ వెళ్లి తైలం కొనకుండా తిరిగొచ్చిన తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే నాకు చూడాలని ఉంది. దుకాణంలో మనిషి మూత తీసి, నా ముంజేతి మీద ఒక చుక్క వేసి, బొటనవేలితో రుద్ది ‘వాసన చూడండమ్మా’ అన్నాడు. ముందు కర్పూరంలా చల్లగా ముక్కులోకి దూసుకుపోయింది. ఆ ఘాటు తగ్గాక పుదీనా, ఆ తర్వాత ఎండుటాకుల వాసన మిగిలాయి. మాది జంగారెడ్డిగూడెం. చుట్టూ జామాయిల్, అంటే యూకలిప్టస్ తోటలే. వాన వెలిసిన సాయంత్రం ఆ తోటల పక్కనుంచి వెళ్తే ఇదే వాసన పలచగా తగులుతుంది. అయితే కాగితం మిల్లుల కోసం మా మెట్టలో వేసే రకం వేరు, ఊటీ కొండల మీద తైలానికి పనికొచ్చే రకం వేరు. రెండూ ఆస్ట్రేలియా సంతతే. నీలగిరుల్లో ఆ తైలపు రకాన్ని 1843లో నాటారు. జామ, నేరేడు, లవంగం కూడా ఈ కుటుంబంలోవే. ఆకు తుంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు కనిపిస్తాయి. తైలం ఉండేది ఆ చుక్కల్లోనే. ఆకులను ఆవిరి మీద ఉడికించి, ఆ ఆవిరిని చల్లార్చి, నీళ్ల మీద తేలినదాన్ని పట్టుకుంటారు. బస్తాల కొద్దీ ఆకు వేస్తే దక్కేది సీసాల లెక్కన ఉంటుంది.

నా ఉద్దేశంలో చిక్కంతా పేరుతోనే వచ్చింది. తైలం అన్న మాట ‘తిల’ నుంచి పుట్టింది, అంటే నువ్వుల నుంచి. ఇంగ్లీషువాళ్లు ఆయిల్ అంటారు, మనం నూనె అంటాం. నూనె అనగానే పోపులో వేసేది, ఒంటికి రాసేది, పసిపిల్లలకు నలుగు పెట్టేది గుర్తొస్తాయి. ఇది ఆ జాతి కాదు. తెల్లకాగితం మీద ఒక పక్క కొబ్బరినూనె చుక్క, ఇంకో పక్క నీలగిరి తైలం చుక్క వేసి ఫ్యాను కింద పెట్టి చూడండి. కొబ్బరినూనె మరక అలాగే ఉంటుంది. తైలం కాసేపటికి ఆనవాలు లేకుండా ఎగిరిపోతుంది. మరక మిగిలిందంటే మీకు అమ్మినవాడు అందులో మామూలు నూనె కలిపాడన్నమాట. స్టీలు గిన్నెకు అంటుకున్న స్టిక్కరు జిగురును దూదితో రెండుసార్లు తుడిస్తే ఊడగొడుతుంది. జిగురును కరిగించే ద్రవాన్ని పసివాళ్ల గొంతులో పోయడానికి ఎవరికైనా చేతులెలా వస్తాయి?

ఇక నా ఘనకార్యం. ఊటీ సీసా పెద్దది, వంచితే బుడబుడమని కారిపోయేది. రుమాలు మీద చుక్క వేసుకోవడానికి వీలుగా ఉంటుందని, పాప విటమిన్ చుక్కల మందు అయిపోయిన చిన్న సీసా కడిగి అందులో కొంచెం పోసుకున్నాను. పైన నారింజపండు బొమ్మ, లోపల రబ్బరు బుడిపె ఉన్న డ్రాపరు. మందుల కిటికీలో కూర్చున్నంత కాలం ‘ఒక మందు సీసాలో ఇంకోటి పోయకండి’ అని ఎన్ని వేలమందికి చెప్పి ఉంటానో. మా ఇంట్లో అలమరా రెండో అరలో నేను చేసింది అదే. నాలుగైదు నెలల్లో తైలం ఆవిరి తగిలి రబ్బరు బుడిపె ఉబ్బింది, వేలికి అంటుకునేంత మెత్తబడింది. గాజు గొట్టం దాని పట్టు తప్పి సీసాలోకి జారిపోయింది. అయ్యో అనుకున్నానే గాని పారేయలేదు. మూత మాత్రం వదులుగా పెట్టి ఉంచాను.

పండగకు మా అమ్మాయి పాపను తీసుకుని వచ్చింది. పాపకు అప్పుడు మూడో ఏడు. నారింజపండు బొమ్మ సీసా అంటే తియ్యగా ఉంటుందని దానికి తెలుసు. నేను పెరట్లో బట్టలు తీస్తున్నాను. ‘అమ్మమ్మా, మంట’ అని కేక వినిపించి లోపలికి వెళ్లేసరికి గది నిండా అదే వాసన. పాప గౌను ముందు భాగమంతా తడిసింది. ఎంత మింగిందో, ఎంత ఒలికిందో తెలియదు. మా అమ్మాయి పాప నోట్లో వేలు పెట్టి కక్కించబోతుంటే చెయ్యి పట్టుకుని లాగాను. ఆ క్షణంలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. ఇలాంటి పలచటి తైలం కక్కేటప్పుడు ఒక్క గుటక ఊపిరితిత్తుల్లోకి పోయినా న్యుమోనియా తెస్తుంది. అందుకే కక్కించకూడదు, ఉప్పు నీళ్లు తాగించకూడదు. నోరు తుడిచి, తడిసిన గౌను విప్పి, సీసా చేత్తో పట్టుకుని ఆటో ఎక్కాం. సీసా వెంట ఉంటే ఏం తాగిందో డాక్టరుకు వేరే చెప్పనక్కర్లేదు.

దారిలోనే పాప మగతగా వాలిపోయింది. ఆసుపత్రి మెట్ల దగ్గర తనంతట తనే ఒకసారి వాంతి చేసుకుంది. రాత్రంతా వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూశారు, గంటగంటకూ ఛాతీ విన్నారు. డాక్టరు కనిపెట్టుకుని ఉన్నది మూర్ఛ కోసం, అంటే ఫిట్స్ వస్తాయేమోనని. అరగంటలోనే రావచ్చు, కొంచెం ఆలస్యంగానూ రావచ్చు. పిల్లల్లో చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, అంతకన్నా తక్కువ మింగినా ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి. మా పాపకు మూర్ఛ రాలేదు. మర్నాడు ఎక్స్‌రే తీసి సాయంత్రానికి పంపేశారు. దాని ఊపిరిలో తైలం వాసన మాత్రం ఇంటికి వచ్చాక కూడా వచ్చింది. ఎత్తుకున్నప్పుడల్లా నాకు తగులుతూనే ఉండేది.

ఇంత జరిగినా ఆ తైలం మీద నాకు పగ లేదండీ. పంతులుగారు కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ రాబడితోనే ఆంధ్రపత్రిక నడిపారు. కనుక తెలుగు పత్రికకూ తలనొప్పి మందుకూ చుట్టరికం పాతదే. ముక్కు దిబ్బడేసిన రాత్రి రుమాలు మీద రెండు చుక్కలు వేసుకుని తలగడ పక్కన పెట్టుకుంటే హాయిగా నిద్రపడుతుంది. ముక్కు నిజంగా తెరుచుకుంటుందా అంటే, లేదు. గాలి ఎంత పోతోందో కొలిచి చూస్తే తేడా ఉండదు. లోపల చల్లదనం తెలిసే నరాలను అది తట్టి లేపుతుంది, మనకు గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది. పెద్దవాళ్లకు ఆ అనిపించడం కూడా ఉపశమనమే. మోకాళ్ల నొప్పికి రాసుకోవాలంటే చెంచాడు కొబ్బరినూనెలో మూడు చుక్కలు చాలు. విడిగా రుద్దితే చర్మం మండి బొబ్బలెక్కవచ్చు. సినియోల్ అనే దాని సారాన్ని జర్మనీలో గొట్టం మాత్రలుగా ఇస్తారు. అది తూచి, కొలిచి ఇచ్చే మందు. మన అలమరాలో సీసాకు ఆ లెక్క వర్తించదు.

రెండేళ్ల లోపు పిల్లల ముక్కు దగ్గర, ముఖం మీద, ఛాతీ మీద దీన్ని రాయనే రాయకండి. ఆ ఘాటుకు వాళ్ల ఊపిరి బిగదీసుకుపోవచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి ఈ వాసనే ఆయాసం తెస్తుంది. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లు వాసన కూడా చూడకపోవడం మంచిది. కర్పూరం, యూకలిప్టస్ కలిసిన తైలాలు, బామ్‌లు వాడాక పెద్దవాళ్లకు సైతం మూర్ఛలు వచ్చిన సంగతిని బెంగళూరు నరాల వైద్యులు వైద్య పత్రికల్లో రాశారు. దీపం దగ్గర, పొయ్యి దగ్గర సీసా విప్పకండి, చప్పున అంటుకుంటుంది.

ఆవిరి పట్టడం గురించి కూడా ఒక మాట. కరోనా రోజుల్లో మా మందుల కిటికీకి వచ్చిన చీటీల్లో కాలిన గాయాల పూతమందు రాసినవి కొన్ని నాకు బాగా గుర్తున్నాయి. మరిగే నీళ్ల గిన్నె నేల మీద పెట్టి, అందులో తైలం పోసి, పిల్లవాణ్ని కూర్చోబెట్టి దుప్పటి కప్పితే, ఘాటుకు వాడు కాలు విదిలిస్తాడు. గిన్నె ఒళ్లోకి వస్తుంది. ఇందులో తైలం తప్పేమీ లేదు, దుప్పటి కప్పినవాళ్లదే. ఆ చీటీ పట్టుకొచ్చిన తల్లి కళ్లెత్తి నన్ను చూడలేకపోయేది. జనవరి నుంచి ఆ చూపు నాకు బాగా అర్థమవుతోంది.

ఈ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియాలో తైలం సీసాకు పిల్లలు విప్పలేని మూత ఉండాలని, పైన హెచ్చరిక రాయాలని నియమం ఉంది. మన దగ్గర పర్యాటకులకు అమ్మే సీసాల మీద కొండ బొమ్మ, పువ్వు బొమ్మ ఉంటాయి. నేను కొన్నదాని మీద ‘తాగరాదు’ అన్న ఒక్క మాట లేదు, తెలుగులోనే కాదు, ఏ భాషలోనూ. మూత మూడేళ్ల పిల్ల వేళ్లకు లొంగేదే. నొక్కి తిప్పితే గాని రాని మూత ఏమంత బ్రహ్మవిద్య కాదు. కొన్ని పిల్లల సిరప్పులకు ఇప్పటికే ఉంది. ఔషధ నియంత్రణ అధికారులు మీ పత్రిక చూస్తారనే ఆశతో ఈ సంగతి రాస్తున్నాను.

మీ వరకు నేను అడిగేది చిన్నదే. ఈ ఆదివారం అదే పేజీలో, అదే పెట్టెలో, అంతే అక్షరాల్లో సవరణ వేయండి. లోపలి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తే గత వారం కత్తిరించి ఫ్రిజ్‌కు అంటించుకున్నవాళ్లకు కనపడదు. మా వీధిలో ఇద్దరు అంటించుకున్నారు. ఒకరి ఇంటికి వెళ్లి నేనే చింపి వచ్చాను.

ఉత్తరం వేస్తే ఊరి పేరు వేయండి, నా పేరు మాత్రం వేయకండి. పాప ఆ రెండు రోజులూ మామూలు జలుబుతో పడుకుందనే మా వియ్యపురాలికి చెప్పాం. ఆవిడ కూడా మీ పత్రికే తెప్పించుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
జంగారెడ్డిగూడెం